మనం వాడట్లేదు కదా అని ప్యాచ్ ఆపకు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగింది రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. "పెదనాన్నా, స్కాన్ రిపోర్టులో సీవీఈ-2023-4623 అనే భద్రతా లోపం ఉందని వచ్చింది. అది లినక్స్ కెర్నల్‌లోని హెచ్‌ఎఫ్‌ఎస్‌సీలో ఉందట. మా పాత సర్వర్లలో దాన్ని ఎవరూ వాడరు. నెలాఖరు పనులయ్యాక ప్యాచ్ వేస్తే సరిపోదా?" అన్నావు. సరిపోదమ్మా. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు తప్పు ఎక్కడుందో చూడు. నెట్‌వర్క్‌లో ఏ ప్యాకెట్ ముందు వెళ్ళాలి, ఏది ఆగాలి అని తేల్చే క్యూడిస్క్‌లు లినక్స్ కెర్నల్‌లో చాలా ఉన్నాయి. హెచ్‌ఎఫ్‌ఎస్‌సీ వాటిలో ఒకటి. ఇది బ్యాండ్‌విడ్త్‌ని తల్లి క్లాసు, పిల్ల క్లాసు అని చెట్టులా పంచుతుంది. పిల్లకి లింక్-షేరింగ్ కర్వ్ (బ్యాండ్‌విడ్త్‌లో వాటా ఎంతో చెప్పే లెక్క) ఉండి తల్లికి లేదనుకో. ప్యాకెట్ రాగానే తల్లిని కూడా ఒక ట్రీలో చేరుస్తుంది. క్యూ ఖాళీ అయ్యాక తీసేయాలి కదా? తీసేసే ఫంక్షన్ మాత్రం "ఈ క్లాసుకి కర్వ్ లేదు" అని తల్లిని దాటుకుని వెళ్ళిపోతుంది. తర్వాత ఆ తల్లి క్లాసుని డిలీట్ చేస్తే మెమరీ ఖాళీ అవుతుంది, ట్రీలో ఆ చోటుని చూపించే పాయింటర్ మాత్రం మిగిలిపోతుంది. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే ఖాళీ చేసిన మెమరీని మళ్ళీ వాడటం, అనేది దీన్నే.

అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాం, పోస్ట్‌మ్యాన్ దగ్గర మాత్రం పాత అడ్రసే ఉంది అనుకో. ఉత్తరాలు కొత్తగా దిగినవాడి చేతికి వెళ్తాయి. దాడి చేసేవాడు సరిగ్గా ఆ ఇంట్లోనే దిగేలా చూసుకుంటాడు. ఖాళీ అయిన మెమరీలో తన డేటా పెడతాడు, కెర్నల్ దాన్ని తనదే అనుకుని నమ్ముతుంది. మామూలు యూజర్ రూట్, అంటే మెషిన్ మీద సర్వాధికారి, అయిపోయేది అలాగే.

ఇక "ఎవరూ వాడరు" అన్న మాట. క్యూడిస్క్ పెట్టాలంటే నెట్‌వర్క్ అడ్మిన్ హక్కు కావాలి, నిజమే. కానీ యూజర్ నేమ్‌స్పేస్‌లు (మెషిన్ లోపలే విడిగా కట్టుకునే గదుల్లాంటివి) తెరిచి ఉంటే ఏ మామూలు అకౌంటైనా తనకంటూ ఒక నేమ్‌స్పేస్ తెరుచుకుని, అందులో ఆ హక్కు తెచ్చుకుంటుంది. అక్కడి లూప్‌బ్యాక్ (మెషిన్ తనతో తానే మాట్లాడుకునే నెట్‌వర్క్) మీద హెచ్‌ఎఫ్‌ఎస్‌సీ కావాలని అడిగితే కెర్నల్ ఆ మాడ్యూల్‌ని, అంటే అవసరమైనప్పుడు తగిలించుకునే ఆ ముక్కని, తనంతట తానే లోడ్ చేస్తుంది. లోడైన మాడ్యూళ్ళని చూపే ఎల్ఎస్‌మాడ్ నువ్వు కొట్టినప్పుడు అది కనపడలేదంటే ఇంకా ఎవరూ అడగలేదని మాత్రమే అర్థం. కంటైనర్లు ఉన్నాయి కాబట్టి భయం లేదనీ అనుకోకు, వాటన్నిటికీ కెర్నల్ ఒక్కటే.

కొత్త కెర్నల్ అమల్లోకి రావాలంటే రీబూట్ కావాలి, దానికి పర్మిషన్ దొరికేదాకా ఒక పని చెయ్యి. మాడ్యూళ్ళని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ సెట్టింగ్స్‌లో ఆ మాడ్యూల్ పేరుకి "ఇన్‌స్టాల్" లైన్ రాసి ఫాల్స్‌కి (ఏమీ చేయకుండా ఫెయిలయ్యే కమాండ్‌కి) మళ్ళించు. "బ్లాక్‌లిస్ట్" అని రాస్తే చాలదు, పేరు పెట్టి అడిగితే లోడ్ అయిపోతుంది. యూజర్ నేమ్‌స్పేస్‌లని పూర్తిగా మూసేయడం ఇంకా గట్టి దారి. కాకపోతే రూట్ లేకుండా నడిచే పాడ్‌మ్యాన్ కంటైనర్లు ఆగిపోతాయి, డెవలపర్లని ముందే అడుగు.

ప్యాచ్‌లో ఒక చిక్కుంది. మొదటి సవరణ కర్వ్ లేని తల్లిని అసలు ఒప్పుకోకుండా ఎర్రర్ ఇచ్చేది. దాంతో కెర్నల్ 6.1.38 నుంచి 6.1.55కి మారినచోట, ఏళ్ళుగా నడిచిన ట్రాఫిక్ షేపింగ్ స్క్రిప్టు కూడా పనిచేయడం మానేసింది. 2023 అక్టోబర్‌లో దాన్ని మళ్ళీ సరిచేశారు. అందుకే మధ్య వెర్షన్ దగ్గర ఆగకుండా ఆ వరసలో అన్నిటికన్నా కొత్తదానికి వెళ్ళు. మీ గేట్‌వే మెషిన్‌లో పాత టీసీ (ట్రాఫిక్ కంట్రోల్) స్క్రిప్టు ఏదైనా పడి ఉందేమో కూడా వెతుకు. "ఎవరూ వాడరు" అని నీకు చెప్పినవాళ్ళు అది చూశారన్న నమ్మకం నాకు లేదు. ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి డిస్ట్రో ఇచ్చిన కెర్నల్ అయితే వెర్షన్ నంబర్ చూసి కంగారు పడకు. పాత నంబర్ మీదే సవరణ వేసి ఇస్తారు, వాళ్ళ సెక్యూరిటీ నోటీసు చదువు.

చివరిది నా అనుభవం. ఒకసారి నేను కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ చేసి, టికెట్ మూసేసి ఇంటికెళ్ళిపోయాను. రీబూట్ మర్చిపోయాను. కొన్ని వారాల తర్వాత వేరే పని మీద, నడుస్తున్న కెర్నల్ నంబర్ చూపే యూనేమ్ కొడితే పాత నంబరే కనపడింది. ఆ క్షణం కడుపులో పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అన్నాళ్ళూ తలుపు తెరిచే ఉంది, నేనేమో తాళం వేశానని రిపోర్టు రాసి ఇచ్చాను. రీబూట్ అయ్యాక యూనేమ్‌లో కొత్త నంబర్ నీ కళ్ళతో చూసి, ఆ లైన్‌ని టికెట్‌లో పెట్టి, అప్పుడు మూసెయ్యి.

రీబూట్ ఏ రాత్రి పెట్టుకున్నావో మెసేజ్ చెయ్యి. మెషిన్లు పైకి లేచేదాకా నేనూ మేలుకునే ఉంటాను.

పెదనాన్న