101ని ఎప్పుడూ ‘నూట ఒకటి’ అనవచ్చా?

సందేహం: మాది విశాఖపట్నం, గాజువాక. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బైనరీలో, అంటే 0, 1 అంకెలే వాడే పద్ధతిలో, రాసిన 101ని పిల్లలు ‘నూట ఒకటి’ అని చదువుతున్నారు. తప్పేనా? ‘101 బేసి సంఖ్య’ అని చెబితే, “ఏ బేస్‌లో రాసినా బేసేనా సార్?” అని ఒకమ్మాయి అడిగింది. ఏం చెప్పాలి? ‘101 అనే అంకె’ అనవచ్చా?

సమాధానం: అలా చదవడం తప్పేనండి. నూరంటే పది పదులు. అది ఒక విలువకు పేరు, ఒకటి పక్కన రెండు సున్నాలు పెట్టిన రాతకు కాదు. ఎడమకు జరిగే కొద్దీ స్థానం విలువ ఎన్ని రెట్లవుతుందో ఆ సంఖ్యే బేస్. మామూలు లెక్కల్లో అది పది, బైనరీలో రెండు. అందుకే బైనరీలో స్థానాలు కుడి నుంచి ఒకట్లు, రెళ్లు, నాలుగులు. అక్కడ 101 అంటే ఒక నాలుగు, ఒక ఒకటి, వెరసి ఐదు. కాబట్టి ‘ఒకటి సున్నా ఒకటి, బేస్ రెండు’ అని చదివించండి. విలువ అడిగితే ‘ఐదు’ అనాలి.

పేరు విలువనే పట్టుకుని ఉంటుందనడానికి మన పావలాయే సాక్ష్యం. రూపాయికి పదహారణాలున్న రోజుల్లో పావలా అంటే 4 అణాలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద పైసలయ్యాయి. 4 పోయి 25 వచ్చింది. అయినా జనం పావలానే అన్నారు. రూపాయిలో నాలుగో వంతు ఎక్కడికీ పోలేదు కదా!

ఆ అమ్మాయి ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. పూర్ణా మార్కెట్లో ఐదు కొబ్బరికాయలు కొని జతలుగా పేరిస్తే ఒకటి మిగులుతుంది. ఆ లెక్కను మీరు 5 అని రాసినా, బైనరీలో 101 అని రాసినా, బేస్ మూడులో 12 అని రాసినా ఆ ఒక్క కాయ మిగలక మానదు. అంటే బేసితనం సంఖ్యది. కానీ 101 అనేది ఒక రాత మాత్రమే. బేస్ మూడులో స్థానాలు ఒకట్లు, మూళ్లు, తొమ్మిదులు. అక్కడ 101 అంటే పది. చివర 1 ఉన్నా సరి సంఖ్యే!

చివరి అంకె చూసి సరి, బేసి చెప్పే పద్ధతి బేస్ సరి సంఖ్య అయినప్పుడే పనిచేస్తుంది. బేస్ మూడులో ప్రతి స్థానం విలువా బేసే కాబట్టి అంకెలన్నీ కూడి చూడాలి. మొత్తం సరి అయితే సంఖ్యా సరే. అంకెల మొత్తంతో 9 భాగహారం తేల్చే కిటుకు కూడా బేస్ పదిదే. బేస్ ఎనిమిదిలో అది 7కు వర్తిస్తుంది. అక్కడ పద్నాలుగును 16 అని రాస్తాం, 1, 6 కూడితే 7. అన్నీ ఇలా మారిపోవు. బేస్ రెండును మించితే చాలు, 121 ఎక్కడైనా వర్గసంఖ్యే, ఎందుకంటే అది 11 వర్గం. బేస్ మూడులో 121 అంటే పదహారు, అంటే నాలుగు నాలుగులు. ఆ అమ్మాయి చేతే మిగతా బేస్‌లలో సరిచూపించండి.

ఇక ‘101 అనే అంకె’ అనకూడదు. 101 సంఖ్య, అందులోని 1, 0, 1 అంకెలు. వాడుకలో ‘ఆరంకెల జీతం’ అంటారే, అది చక్కని ప్రయోగం. లక్ష రూపాయల జీతాన్ని బైనరీలో రాస్తే పదిహేడంకెలవుతుంది, జీతం మాత్రం లక్షే.