బలహీన ప్రభుత్వాల కుర్చీని విదేశీ స్నేహం నిజంగా కాపాడుతుందా?

కాపాడుతుంది. 2011 మార్చిలో బహ్రెయిన్ రాజధాని మనామాలో ఉద్యోగం చేస్తూ అది కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పటికి నెల రోజులుగా పెర్ల్ రౌండెబౌట్ అనే కూడలి దగ్గర ప్రభుత్వానికి వ్యతిరేకంగా జనం గుడారాలు వేసుకుని కూర్చున్నారు. బహ్రెయిన్ పౌరుల్లో షియాలు ఎక్కువ, ఏలే అల్ ఖలీఫా వంశం సున్నీ. మార్చి 14న దాదాపు వెయ్యి మంది సౌదీ సైనికులు, ఐదు వందల మంది ఎమిరేట్స్ పోలీసులు దిగారు. ఆఫీసులో పని ఆపి అందరం టీవీ ముందు చేరాం. సౌదీని బహ్రెయిన్‌తో కలిపే, సముద్రం మీది కింగ్ ఫహద్ వంతెన పొడవునా సాయుధ వాహనాలు వరుస కట్టి వస్తున్నాయి, సైనికులు కెమెరాలకు రెండు వేళ్లెత్తి విజయ చిహ్నం చూపిస్తున్నారు. యుద్ధమేదీ జరగలేదు, ఇక విజయం ఎవరి మీదో! మా మేనేజరు మాత్రం ఆ సాయంత్రమే మా పాస్‌పోర్టులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. దేశం ఏమైనా పరవాలేదు, లెక్కలు రాసేవాళ్లు వెళ్లిపోకూడదు.

మర్నాడు అత్యవసర పరిస్థితి వచ్చింది. 16న కూడలి ఖాళీ చేయించారు, 18న మధ్యలోని ముత్యపు స్తంభాన్నే కూల్చేశారు. 1982లో దాన్ని కట్టింది గల్ఫ్ సహకార మండలి గౌరవార్థం. సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ అన్నీ ఉన్న కూటమి అది, ఆ సైనికులు వచ్చిందీ దాని పేరుమీదే. ముత్యాన్ని మోసే ఆరు తెరచాపలు ఆరు సభ్యదేశాలకు గుర్తు. మండలి సేనలు వచ్చిన నాలుగు రోజులకే మండలి గుర్తు నేలమట్టమైంది. ఆ బొమ్మ ఉన్న అర దినార్ నాణేలు కూడా తర్వాత చలామణిలోంచి పోయాయి.

జనాన్ని చెదరగొట్టింది ప్రధానంగా బహ్రెయిన్ బలగాలే. వచ్చినవాళ్లు ముఖ్యమైన కట్టడాలకు కాపలా కాస్తారని ప్రకటించారు. అయితే ఏమిటి? రేపు కూడా ఇదే రాజు ఉంటాడన్న ధీమా సొంత పోలీసులకు కలగాలి, అది కలిగింది. అంతకు కొద్ది రోజుల ముందే గల్ఫ్ దేశాలు బహ్రెయిన్‌కు వెయ్యి కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 12న వచ్చి సంస్కరణలు చేయమని చెప్పి వెళ్లాడు. కానీ వాళ్ల ఐదో నౌకాదళం కేంద్రం ఉన్నది అక్కడే, ఇక గట్టిగా ఏమంటారు? టీవీ చర్చల్లో పండితులు దీన్నంతా చదరంగమంటారు. నాకైతే అద్దె వ్యవహారంలా కనిపిస్తుంది: స్థలం వీళ్లది, కాపలా వాళ్లది.

అందుకే ఇది పాలకుడితో కుదిరిన స్నేహమని నేను నమ్మను. సిరియాలో 2015 సెప్టెంబరు 30న రష్యా విమానాలు రంగంలోకి దిగి అధ్యక్షుడు అసద్‌ను నిలబెట్టాయి. 2024 డిసెంబరులో తిరుగుబాటుదారులు డమాస్కస్ చేరేసరికి రష్యా ఉక్రెయిన్‌లో, అతనికి తోడు నిలిచిన లెబనాన్ సాయుధ సంస్థ హెజ్బొల్లా ఇజ్రాయెల్ దెబ్బలతో సతమతమవుతున్నాయి. అసద్ మాస్కోకు పారిపోయాడు. రెండు నెలలు తిరగకముందే రష్యా ప్రతినిధులు డమాస్కస్ వెళ్లి, అతన్ని దించినవాళ్లతోనే తమ స్థావరాల గురించి మాట్లాడారు. ఆ వార్త అతను మాస్కోలోనే చదువుకుని ఉంటాడు.