విట్‌మన్ కవితలో వృత్తుల జాబితా తప్ప ఏముంది?

అమెరికన్ కవి వాల్ట్ విట్‌మన్ ‘ఐ హియర్ అమెరికా సింగింగ్’ (అమెరికా పాడుతుంటే వింటున్నాను) ఉత్త జాబితాలా ఉంది, ఇందులో ప్రజాస్వామ్యం ఎక్కడుంది అని అడిగారు. ఆ జాబితా పేర్చిన తీరులోనే ఉంది. డిగ్రీ క్లాసుల్లో ఇది చెప్పేటప్పుడు ‘శ్రమ గౌరవం’ అనే మాటను ముందే నిషేధిస్తాను. అది రాసేశాక పిల్లలు కవిత వైపు మళ్ళీ చూడరు.

ఉన్నవి 11 పంక్తులే, పెన్సిల్ పట్టుకుని చదవండి. ఎవరు ఏం చేస్తూ పాడుతున్నారో దాని కింద గీత గీయండి. వడ్రంగి దూలం కొలుస్తుంటాడు. చెప్పులు కుట్టేవాడు బల్ల మీద కూర్చుని పాడతాడు, టోపీలు చేసేవాడు నిలబడి పాడతాడు. పని జరిగే చోటు తెలిసినవాడి చూపు అది. విట్‌మన్ చిన్నతనంలోనే అచ్చుపని నేర్చాడు, బ్రూక్లిన్‌లో ఇళ్ళు కట్టించాడు, 1855లో తన కవితా సంపుటి ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ తొలి ముద్రణకు కొంత టైపు స్వయంగా కూర్చాడు. ఆ పుస్తకం ముఖపత్రం మీద కవి పేరు లేదు. ఎదుటి పేజీలో కోటు లేకుండా చొక్కాతో నిలబడ్డ బొమ్మ మాత్రం ఉంది.

తర్వాత లేనివి వెతకండి. యజమాని లేడు, కూలి డబ్బుల ఊసు లేదు. అందరూ పాడుతున్నారు గానీ ఒక్క పాటలోని మాటలూ మనకు వినిపించవు. ఎవరి పాట వాళ్ళ సొంతం అంటాడు, అంతే. ఈ కవిత తొలిరూపం 1860 నాటిది. అప్పటికి ఆ దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలున్నారు. ఈ గానంలో వాళ్ళ ప్రస్తావనే లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటే.

అందుకే దీన్ని ఒంటరిగా చదవకండి, విట్‌మన్ దీర్ఘకవిత ‘సాంగ్ ఆఫ్ మైసెల్ఫ్’ 15వ భాగం పక్కన పెట్టుకోండి. అక్కడా జాబితానే, కానీ మరింత కరుకు. వేలంలో అమ్ముడుపోయే అమ్మాయి ఉంది, సారా కొట్టులో పొయ్యి పక్కన జోగే తాగుబోతు ఉన్నాడు. జనం వెక్కిరించే వేశ్య కనిపిస్తుంది, ‘నేను నవ్వను’ అని కవి బ్రాకెట్లో అంటాడు, వెంటనే తర్వాతి పంక్తిలో మంత్రులతో కొలువుదీరిన అధ్యక్షుడు! మధ్యలో కొత్త పేరా కూడా లేదు. సమానత్వం గురించి ఉపన్యాసం ఇవ్వకుండా వాక్యనిర్మాణంతోనే సాధించాడు.

ఆ తర్వాత లాంగ్‌స్టన్ హ్యూజ్ ‘ఐ, టూ’ చదవండి. 1920ల నల్లజాతి కవి. చుట్టాలొస్తే తనను వంటింట్లో తినమని పంపేస్తారని చెబుతూనే, తానూ అమెరికా పాట పాడతానంటాడు. విట్‌మన్‌కు జవాబుగా అది చదివితే రెండూ తేలిగ్గా అర్థమవుతాయి.