మీ ప్రశ్న – మా జవాబు: డబ్‌స్టెప్ ఎక్కడ మొదలుపెట్టాలి?

డీజే పాటలు చేసే పిల్లల నుంచి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. అడిగినవాటిలో ఎక్కువ డబ్‌స్టెప్ (లోతైన బేస్, అంటే అడుగు శబ్దం, ముందు నిలిచే ఎలక్ట్రానిక్ సంగీతం) గురించే కాబట్టి ఈ సంచికలో ఇతర ప్రశ్నలు పక్కన పెట్టి దాని మీదే రాస్తున్నాం.

నా దగ్గర 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నయి. ఇంకా ఏమేం కొనాలె? సాఫ్ట్‌వేర్ క్రాక్ వేసుకొమ్మని దోస్తులు చెప్తున్నరు.
– బీటెక్ విద్యార్థి, హనుమకొండ

ల్యాప్‌టాప్ సరిపోతుంది. కొనాల్సింది ఒక్కటే, వైరున్న మంచి హెడ్‌ఫోన్స్. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. మీరు కీ నొక్కినప్పటికీ వినిపించినప్పటికీ మధ్య తేడా చెవికి తెలిసిపోతుంది, ఇక తాళం కుదరదు. మైకు పెట్టి రికార్డు చేసేదాకా ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) అక్కర్లేదు. విండోస్ అయితే ఏషియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని బఫర్‌ను (శబ్దాన్ని ముందుగా దాచుకునే జాగా) 512 శాంపిల్స్ దగ్గర ఉంచండి. టపటపమని తెగిపోతుంటే 1024కి పెంచండి.

క్రాక్ వద్దు. వాటితోపాటు వైరస్ వస్తుంది. ఒక్క అప్‌డేట్‌తో ప్లగిన్ (పాట సాఫ్ట్‌వేర్‌లో అదనంగా చేర్చుకునే వాద్యమో ఎఫెక్టో) తెరుచుకోకుండా పోతే నెలల పని పోయినట్టే. దాని అవసరం కూడా లేదు. పాటలు చేసే సాఫ్ట్‌వేర్లలో రీపర్‌ను 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూసుకోవచ్చు. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ పూర్తిగా ఉచితం. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌లో అన్నీ పనిచేస్తాయి, పాటను ఆడియో ఫైలుగా బయటికి కూడా తీసుకోవచ్చు. కాని సేవ్ చేసిన ప్రాజెక్టును కొనేదాకా మళ్లీ తెరవలేరు. ఎప్పటికైనా కొనే ఉద్దేశం ఉంటే ఎఫ్‌ఎల్‌తోనే మొదలుపెట్టండి. గడులు నొక్కుతూ డ్రమ్స్ రాసుకోవడం అందులో తేలిక, పైగా ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లకు డబ్బు కట్టనక్కర్లేదు.

బేస్ తయారుచేయడానికి వైటల్ అనే సింథ్ (శబ్దాన్ని మొదటి నుంచి పుట్టించే ప్లగిన్) దించుకోండి. 2020లో వచ్చింది. ఉచిత వెర్షన్‌లో ప్రీసెట్లు (తయారుగా ఇచ్చే శబ్దాలు) తక్కువ, సింథ్ మాత్రం మొత్తం ఉంటుంది.

టెంపో 140 పెట్టిన. అయినా బరాత్‌ల కొట్టే డీజే పాట లెక్కనే వస్తున్నది, డబ్‌స్టెప్ లెక్క లేదు. తప్పెక్కడ?
– కరీంనగర్ పాఠకుడు

కిక్ (డ్రమ్స్‌లో అడుగు దెబ్బ) ప్రతి బీటుకూ పెట్టి ఉంటారు. 140లో, అంటే నిమిషానికి 140 బీట్ల వేగంలో, ఒక బార్‌లోని నాలుగు బీట్లకూ కిక్ పడితే అది పరుగెత్తే పాటే అవుతుంది. డబ్‌స్టెప్‌లో టెంపో 140 ఉన్నా చెవికి అందులో సగం వేగమే తెలుస్తుంది. బార్‌ను 16 గడులుగా చూస్తే కిక్ 1వ గడిలో, స్నేర్ (పదునైన డ్రమ్ దెబ్బ) 9వ గడిలో. అంతే. స్నేర్ బార్‌కి ఒక్కసారే. ఇంకో కిక్ కావాలనిపిస్తే 7లోనో 11లోనో కాస్త మెల్లగా పెట్టండి. హైహ్యాట్లను (టిక్‌టిక్‌మనే తాళాలు) మాత్రం ఎటైనా నడపవచ్చు. పైన హ్యాట్లు ఉరుకుతుంటే కింద కిక్, స్నేర్ నింపాదిగా నడవాలి.

ఈ సంగీతం 2000 తర్వాత తొలి ఏళ్లలో దక్షిణ లండన్‌లో, ముఖ్యంగా క్రోయ్‌డన్ ప్రాంతంలో రూపు కట్టింది. అక్కడి టూ-స్టెప్ గరాజ్ అనే డ్యాన్స్ సంగీతం నుంచి తడబడే దరువు, జమైకా డబ్ (రెగే నుంచి పుట్టిన సంగీతం) నుంచి లోతైన బేస్ తీసుకుంది. తొలి పాటలు వినండి, ఎంత ఖాళీగా ఉంటాయో తెలుస్తుంది. 140లో ఒక బార్ అంటే సుమారు 1.7 సెకన్లు. అందులో కిక్‌కూ స్నేర్‌కూ మధ్య మిగిలిన జాగా అంతా బేస్‌ది. అక్కడ పియానో, ప్యాడ్, క్లాప్ అన్నీ కూరితే బేస్‌కు ఊపిరాడదు. కొత్తగా చేసేవాళ్ల పాటల్లో మాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఎనిమిది ట్రాకులు దాటితే ఒక్కొక్కటే మ్యూట్ చేసి చూడండి. లేకపోయినా తెలియనిదాన్ని తీసేయండి.

పాట అమరిక కోసం మొదట 16 బార్ల ఇంట్రో, 8 బార్ల బిల్డప్ (ఉత్కంఠ పెంచే భాగం), 16 బార్ల డ్రాప్ (బేస్, డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడే భాగం) రాసుకోండి. 16 బార్లంటే 27 సెకన్లు. డ్రాప్‌కు ముందు ఒక్క బీటు పూర్తి నిశ్శబ్దం వదలండి.

వోబుల్ బేస్ ఎట్ల చేస్తరు? ప్రీసెట్ పెడితే వస్తది గని నా పాటకు కుదురుతలేదు. నేనే చేసుకోవాలనుకుంటున్న.
– గోదావరిఖని పాఠకుడు

మంచి ఆలోచన. వోబుల్ అంటే వావ్-వావ్ అంటూ తెరుచుకుని మూసుకునే బేస్. సొంతంగా ఒక్క బేస్ చేయడం వస్తే వంద ప్రీసెట్లు ఎందుకు కుదరవో అదే అర్థమవుతుంది.

వైటల్‌లో ఖాళీ ప్రీసెట్ తెరవండి. ఆసిలేటర్ (అసలు శబ్దాన్ని పుట్టించే భాగం) 1లో సా వేవ్ (రంపపు పళ్లలాంటి అల), యూనిసన్ (ఒకే శబ్దపు కాపీలు) 1. వాయిస్‌లు 1కి తగ్గించండి, అప్పుడు ఒక నోటు మీద ఇంకోటి పడదు. ఫిల్టర్ 1 ఆన్ చేసి ఆసిలేటర్‌ను దాంట్లోకి పంపండి. రకం లో-పాస్ (కింది శబ్దాలనే పోనిచ్చేది), 24 డీబీ. కటాఫ్‌ను (ఫిల్టర్ కోత మొదలయ్యే చోటును) 100 హెర్ట్జ్ దగ్గరికి దించండి, శబ్దం దాదాపు మూసుకుపోతుంది. ఇప్పుడు ఎల్‌ఎఫ్‌ఓ (నాబ్‌ను తనంతట తానే పైకీ కిందికీ తిప్పే అల) 1ని మౌస్‌తో లాగి కటాఫ్ నాబ్ మీద వదలండి. పైకి వెళ్లినప్పుడు కటాఫ్ 2,000 హెర్ట్జ్ దాకా తెరుచుకునేలా మోతాదు పెంచండి. ఎల్‌ఎఫ్‌ఓ వేగాన్ని టెంపోకు కట్టి 1/8 (బీటుకు రెండుసార్లు) పెట్టండి. ఒకే నోటును రెండు బార్లు పట్టి ఉంచితే వోబుల్ వినిపిస్తుంది, సెకనుకు నాలుగున్నర సార్లకు కొంచెం పైన.

అదే వేగం చివరిదాకా ఉంటే నాలుగు బార్లకే విసుగొస్తుంది. ఎల్‌ఎఫ్‌ఓ వేగాన్ని ఆటోమేట్ చేయండి, అంటే పాట నడిచేకొద్దీ మారేలా రాయండి. మొదటి బార్ 1/4, రెండోది 1/8, మూడోదాంట్లో సగం 1/8 ట్రిప్లెట్ (బీటుకు మూడు), చివర 1/16. స్నేర్ పడే చోట బేస్‌ను ఒక గడి పాటు ఆపి చూడండి, దెబ్బ రెట్టింపు బలంగా తగులుతుంది. ప్రతి నోటుకూ వోబుల్ మొదటి నుంచి మొదలుకావాలంటే ఎల్‌ఎఫ్‌ఓను ట్రిగ్గర్ మోడ్‌లో ఉంచండి.

తర్వాత డిస్టార్షన్. ఎఫెక్ట్స్ పేజీలో సాఫ్ట్ క్లిప్, డ్రైవ్ 6 నుంచి 10 డీబీ. ఫిల్టర్ కోసేసిన పై స్వరాంశాలను ఇది మళ్లీ పుట్టిస్తుంది. బేస్‌కు గరుకుదనం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. సబ్ (అన్నిటికన్నా అడుగున మోగే బేస్) వేరే ట్రాక్‌లో ఉండాలి. ఇంకో వైటల్ తెరిచి సైన్ వేవ్ (నునుపైన అల) పెట్టి, అవే నోట్లు అతికించండి. దానికి ఏ ఎఫెక్టూ వద్దు, మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా) ఉంచండి. నోటు మొదట్లో టక్కుమంటే ఎటాక్ (శబ్దం లేచే సమయం) 3 మిల్లీసెకన్లు, రిలీజ్ (శబ్దం ఆగే సమయం) 30 మిల్లీసెకన్లు చేయండి. వోబుల్ ట్రాక్‌ను మాత్రం 100 హెర్ట్జ్ కింద కోసేయండి. రెండు ట్రాకులూ అడుగున ఒకే చోట మోగితే ఒకదాని అల పైకి లేచేటప్పుడు ఇంకోదాని అల కిందికి దిగి, రెండూ కొట్టుకుపోతాయి. కొన్ని నోట్లు గట్టిగా, కొన్ని మాయమైనట్టు వినిపించడానికి కారణం అదే.

నోటు ఎంపికలో ఒక చిక్కుంది. సబ్‌కు బాగా పనికొచ్చేవి 43.65 హెర్ట్జ్ ఎఫ్, 49 హెర్ట్జ్ జీ. ఆ ఎఫ్‌ను రీపర్‌లో ఎఫ్1 అంటారు, ఎఫ్‌ఎల్‌లో అదే ఎఫ్2గా కనిపిస్తుంది. పేరు చూసి మోసపోకుండా స్పెక్ట్రమ్‌లో హెర్ట్జ్ చూసుకోండి. వోక్సెంగో స్పాన్ అనే ఉచిత ప్లగిన్ చాలు. 35 హెర్ట్జ్ కిందికి వెళ్తే చాలా బాక్సులు ఆ శబ్దాన్ని సరిగ్గా పలకలేవు.

ఇది చేతికి వచ్చాక గ్రౌల్ (గుర్రుమనే బేస్) జోలికి వెళ్లండి. ఆసిలేటర్ 2తో 1ని ఎఫ్‌ఎమ్ చేసి (ఒకదాని అలతో ఇంకోదాన్ని వేగంగా కదిపి), వచ్చినదాన్ని ఆడియోగా మార్చి, మళ్లీ ఫిల్టర్, మళ్లీ డిస్టార్షన్.

సీరం కొనాల్నా?
– మంచిర్యాల

సీరం కూడా వైటల్ లాంటి సింథే, కాని డబ్బు పెట్టి కొనాలి. ఇప్పుడు వద్దు. పైన చెప్పినవన్నీ వైటల్‌లో అవుతాయి. మీరు చూసే పాఠాలు సీరంలో ఉన్నా నాబ్‌ల పేర్లు దాదాపు అవే.

హెడ్‌ఫోన్స్‌ల మంచిగనే ఉంటది. ఫోన్‌ల పెడితే బేసే లేదు. డీజే బాక్సులల్ల పెడితే బరబర అంటది. ఎందుకు?
– పరకాల పాఠకుడు

ఇవి రెండు వేరు జబ్బులు. ఫోన్ స్పీకర్ చిన్నది, 43 హెర్ట్జ్ పలకడం దానివల్ల కాదు. దానికోసం సబ్ వాల్యూం పెంచితే ఫోన్‌లో ఏమీ మారదు, బాక్సుల్లో మాత్రం పాట చెడుతుంది. 200 నుంచి 1,000 హెర్ట్జ్ మధ్య వోబుల్‌కు గరుకుదనం ఉంటే, అడుగు స్వరం లేకున్నా చెవి దాన్ని పోల్చుకుంటుంది. కాబట్టి ఫోన్ కోసం సరిచేయాల్సింది వోబుల్ ట్రాక్‌ను.

బాక్సుల్లో బరబరకు ముందు మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీటర్ చూడండి. ఎరుపు తగులుతుంటే అక్కడే చిరుగుతోంది. అన్ని ట్రాకులూ తగ్గించి మాస్టర్ పీక్ -6 డీబీ దగ్గర ఆగేలా చేయండి, లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) చివర్లో పెట్టండి. తర్వాత కిక్, సబ్ గుద్దుకుంటున్నాయేమో చూడండి. సబ్ మీద సైడ్‌చెయిన్ కంప్రెసర్ పెట్టి, కిక్ పడ్డప్పుడు సబ్ 4 నుంచి 6 డీబీ తగ్గి 100 మిల్లీసెకన్లలో తిరిగి లేచేలా చేయండి. చివరగా పాటంతా మోనోలో వినండి. మన దగ్గర చాలా సిస్టంలలో బేస్ బాక్సులకు వెళ్లేది మోనోనే. స్టీరియోలో వెడల్పుగా అనిపించిన బేస్ మోనోలో పలుచబడితే దానిమీద కోరస్‌నో యూనిసన్‌నో తీసేయాలి.

సౌండ్ సర్వీస్ వాళ్లు గోదాంలో బాక్సులు పరీక్షించుకునే రోజు మీ పాట రెండు నిమిషాలు పెట్టనివ్వమని అడగండి. 18 ఇంచుల బాక్సు ముందు నిలబడి విన్నప్పుడు తెలిసేది ఏ హెడ్‌ఫోన్‌లోనూ తెలియదు.

డప్పు, ఒగ్గు డోలు డబ్‌స్టెప్‌ల కలపొచ్చా? యూట్యూబ్‌ల నుంచి తీసుకుంటే ఏమన్న అయితదా?
– జగిత్యాల పాఠకురాలు

కలపవచ్చు, కలపాలి కూడా. ఖాళీ ఎక్కువున్న సంగీతం కాబట్టి డప్పుకు ఇందులో నిలబడే జాగా దొరుకుతుంది. కాని యూట్యూబ్ నుంచి తీసుకోవద్దు. దరువు అందరిదీ, ఆ రికార్డింగు మాత్రం చేసినవాళ్లది. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు విడుదలైన తర్వాత 60 ఏళ్ల హక్కు ఉంటుంది. వాయించేవాళ్లను అడిగి, వాళ్ల పనికి డబ్బులిచ్చి మీరే రికార్డు చేసుకోండి. శబ్దం కూడా అదే బాగుంటుంది.

ఫోన్‌తో చేస్తే డబ్ల్యూఏవీ ఫైలు ఇచ్చే యాప్ వాడి, వాల్యూంను తనంతట తానే సర్దే సెట్టింగ్ ఆపండి. మీటరున్నర దూరం, గోడలకు దూరంగా ఆరుబయట. డప్పును మంటకు కాచిన వెంటనే తోలు బిగిసి ఖంగున మోగుతుంది, చల్లబడేకొద్దీ స్వరం దిగిపోతుంది. అందుకని కాచిన కొద్దిసేపట్లోనే కావలసినవన్నీ వరుసగా తీసుకోండి. సిర్ర (లావు పుల్ల) దెబ్బలు విడిగా, చిటికెన పుల్ల దెబ్బలు విడిగా, ఆ తర్వాత పూర్తి దరువు. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా ఒక్కోటి నాలుగుసార్లు. ఒకే దెబ్బను కాపీ చేసుకుంటూ పోతే మిషన్‌లా వినిపిస్తుంది.

తీన్మార్ లాంటి దరువుల్లో బీటు మూడు ముక్కలుగా నడుస్తుంది, సాఫ్ట్‌వేర్ గ్రిడ్ నాలుగు ముక్కలది. దరువును లాగి నాలుగులోకి ఇరికిస్తే చచ్చిపోతుంది. గ్రిడ్‌నే ట్రిప్లెట్‌కు మార్చి, వోబుల్‌ను కూడా 1/8 ట్రిప్లెట్‌లో నడపండి. డప్పును 120 హెర్ట్జ్ కింద కోసి సబ్‌కు దారి ఇవ్వండి. 9వ గడిలో స్నేర్‌కు బదులు సిర్ర దెబ్బ పెట్టి, దాని కింద స్నేర్‌ను సన్నగా కలిపి చూడండి. ఒగ్గు డోలుకు అడుగు శబ్దం ఎక్కువ. దాన్ని ఇంట్రోలో, బిల్డప్‌లో వాడి, సబ్ మోగే డ్రాప్‌లో తప్పించడం మేలు.

ఫైలు పేరులోనే వాయించినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాసిపెట్టుకోండి. పాట అప్‌లోడ్ చేసేటప్పుడు వివరాల్లో ఆ పేర్లు తప్పక వేయండి.