మాట తెలియని ఊళ్లో: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే ప్రశ్న: వేరే దేశం వెళ్తున్నాం, అక్కడి భాషలో ముందుగా ఏం నేర్చుకోమంటారు? నేను 1996 నుంచి 2011 దాకా కువైట్‌లో ఆసుపత్రి నర్సుగా చేశాను. రాజోలు తిరిగొచ్చాక, గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్న ఆడపిల్లలను సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అరబ్బీ మాటలు చెబుతున్నాను. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: రెండు నెలల్లో కువైట్‌లో ఇంటిపనికి వెళ్తున్నాను. ముప్పై రోజుల్లో అరబ్బీ నేర్పే పుస్తకం కొన్నాను. కువైట్ నుంచి వచ్చినావిడకు అందులో వాక్యాలు చదివి వినిపిస్తే "అక్కడ ఎవరూ ఇలా మాట్లాడరు" అంది. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఏది నేర్చుకోవాలి?
- ఒక సోదరి, రాజంపేట

జవాబు: అమ్మా, ఆవిడ చెప్పింది నిజం. మీ పుస్తకమూ తప్పు కాదు. అందులో ఉన్నది పేపర్లలో, టీవీ వార్తల్లో, ఆఫీసు కాగితాల్లో కనిపించే అరబ్బీ. ఇళ్లల్లో మాట్లాడే అరబ్బీ వేరు, అదీ దేశానికో రకం. "ఎలా ఉన్నారు" అనడానికి మీ పుస్తకంలో "కైఫ హాలుక్" అని ఉంటుంది. కువైట్ ఇంట్లో మగవాళ్లనైతే "ష్లోనక్" అంటారు, ఆడవాళ్లనైతే "ష్లోనిచ్". ఉంది అనడానికి "అకూ", లేదు అనడానికి "మాకూ". నీళ్లు లేవు అనాలంటే "మాకూ మాయ్". ఏమిటి అంటే "షినూ", ఎక్కడ అంటే "వేన్", ఇప్పుడు అంటే "అల్‌హీన్", రేపు అంటే "బాచిర్". అన్నాన్ని "ఐష్" అంటారు. అదే ఇంట్లో ఈజిప్టు వంటమనిషి ఉంటే ఆయన నోట "ఐష్" అంటే రొట్టె. ఇవేవీ పుస్తకంలో దొరకవు. ఆ వచ్చినావిడనే పట్టుకోండి, రోజూ ఓ అరగంట ఆవిడ దగ్గర కూర్చోండి.

ఇంటిపనిలో మీ చెవిన ఎక్కువగా పడేవి తే, పో, రా, తియ్యి అనే మాటలే. మగమనిషికి చెప్పేటప్పుడు "జీబ్" అంటే తే. ఆడమనిషికి చెప్పేటప్పుడు అది "జీబీ" అవుతుంది. అలాగే వెళ్లు అనడానికి "రూహ్, రూహీ", రా అనడానికి "తఆల్, తఆలీ", ఎత్తు లేదా తియ్యి అనడానికి "షీల్, షీలీ". మీకు చెప్పేవన్నీ చివర ఈ-కారం సాగదీసి వినిపిస్తాయి. విన్నవి విన్నట్టే మీరు డ్రైవరుతో అనేస్తే ఆయన్ని ఆడమనిషిని చేసి పిలిచినట్టు అవుతుంది. ఆ చివరి ఈ-కారం తీసేసి అనాలి. మా అరుగు మీద మొదటి వారమంతా ఇదొక్కటే చేయిస్తాను: నేను "జీబీ" అంటే వాళ్లు వెంటనే "జీబ్" అనాలి.

ఇక అసలు సంగతి. నేను వెళ్లినప్పుడు నలభై వాక్యాలు బట్టీ పట్టి వెళ్లాను. డ్యూటీలో చేరిన మూడో రోజు ఒక ముసలావిడను "వేన్ యఅవ్విరిచ్" (ఎక్కడ నొప్పిగా ఉంది) అని అడిగాను. పలకడం బాగానే కుదిరినట్టుంది, ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. నా చెయ్యి పట్టుకుని అయిదు నిమిషాల పాటు ఏకరువు పెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ కళ్లలోకి చూడలేక తల ఊపుతూ నిలబడ్డాను. అడగడమైతే నేర్చుకున్నాను గానీ, వచ్చే జవాబు సంగతి ఆలోచించనే లేదని అప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి అడిగే తీరు మార్చాను. పొట్ట మీద మెల్లగా వేలు ఆనించి "హినీ?" (ఇక్కడా?) అనేదాన్ని. "ఈ" అంటే అవును, "లా" అంటే కాదు. "లా, లా" అంటుంటే వేలు జరుపుకుంటూ పోయేదాన్ని. నాలుగో చోటో అయిదో చోటో "ఈ, ఈ" అనేది. ఎన్ని రోజుల నుంచి అని అడిగేటప్పుడు నా వేళ్లు ఒక్కొక్కటే విప్పేదాన్ని, ఆవిడా విప్పేది. మీరూ వేలితోనో, అంకెతోనో, అవును కాదు అనో జవాబు వచ్చేలా అడగండి. "ఈ గిన్నెలు ఎక్కడ పెట్టాలి" అని అడిగితే వచ్చే జవాబు మీకు అందదు. గిన్నె పట్టుకుని అల్మారా చూపించి "హినీ?" అంటే అందుతుంది.

మూడు మాటలు మాత్రం నిద్రలో లేపి అడిగినా మీ నోట రావాలి. "శ్వయ్ శ్వయ్" అంటే మెల్లగా. "మర్రా థానియా" అంటే ఇంకోసారి. "మా అఫ్‌హమ్" అంటే అర్థం కాలేదు. భయంకొద్దీ అన్నింటికీ "ఈ, ఈ" అనే అలవాటు చేసుకోకండి తల్లీ. అర్థం కాకుండా అవునన్న పని చివరికి మీ మెడకే చుట్టుకుంటుంది.

అంకెలు వాహిద్, ఇత్‌నేన్, తలాతా, అర్బఆ, ఖమ్సా వరకు వస్తే ఆదివారం నుంచి గురువారం దాకా వారాలు కూడా వచ్చేసినట్టే. ఆదివారం ఒకటోది, సోమవారం రెండోది, అలా వాటి పేర్లు అంకెల నుంచే పుట్టాయి. శుక్రవారం జుమా, శనివారం సబ్త్. రాసే అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. వాళ్ల అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఉత్త చుక్క. వాళ్ల ఆరు మన ఏడు అంకెలా ఉంటుంది. చేరిన కొత్తలో తోటి నర్సు చీటీ మీద రాసిన మంచం నంబరు ఆరుని నేను ఏడు అనుకుని, షుగరు రోగికి వెళ్లాల్సిన భోజనం ట్రే పక్క మంచానికి తీసుకెళ్లాను. ఆయన "లా" అని చేత్తో ఆపబట్టి సరిపోయింది. ఆ రాత్రి కూర్చుని ఆ పది అంకెలూ వందసార్లు రాశాను. మీరు ఫ్లయిట్ ఎక్కకముందే రాసుకోండి.

పాస్‌పోర్టుని "జవాజ్" అంటారు, సివిల్ ఐడీ కార్డుని "బతాకా", జీతాన్ని "మఆష్", ఎంబసీని "సఫారా". అంబులెన్సుకైనా పోలీసుకైనా 112. ఇవి పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి. కుర్చీ, సబ్బు, సందుగ, దుకాణం అనే మాటలు మీకు వచ్చు కదా, అక్కడ కుర్సీ, సాబూన్, సందూక్, దుక్కాన్ అంటారు. మీరనుకున్నంత పరాయి భాషేం కాదు. రోజుకు అయిదు మాటల లెక్కన రెండు నెలల్లో మూడొందలు. ఇంటిపనికి అవి బాగా సరిపోతాయి.

ప్రశ్న: మర్చంట్ నేవీలో చేరబోతున్నాను. ఓడ మీద చాలా దేశాలవాళ్లు ఉంటారంటున్నారు. పది భాషల్లో హలో, థాంక్యూ, సారీ నేర్చుకుంటున్నాను. ఇది పనికొస్తుందా?
- ఒక యువకుడు, గాజువాక

జవాబు: బాబూ, మా తమ్ముడు ఇరవై ఏళ్లు ఓడల్లో చేశాడు. నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాకే రాస్తున్నాను. ఓడ మీద పని జరిగేది ఇంగ్లిషులో. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో నౌకల మీద వాడాల్సిన ప్రామాణిక వాక్యాలను ఆమోదించింది. ముందు అవి కరతలామలకం కావాలి. చుక్కాని పట్టినవాడు తనకిచ్చిన ఆర్డరుని పైకి తిరిగి చెప్పి మరీ అమలు చేయాలి. "విన్నదాన్ని తిరిగి చెప్పడం ఒక్కటి అలవాటు చేసుకోమను, భాష దానంతటదే వస్తుంది" అన్నాడు మావాడు. వార్డులో మేమూ అంతే, డాక్టరు ఫోన్లో చెప్పిన డోసు తిరిగి చదివి వినిపించకుండా ఫోను పెట్టేవాళ్లం కాదు.

పది భాషల్లో థాంక్యూ నేర్చుకోవడం మంచిదే, అవతలివాళ్లు సంతోషిస్తారు. నాదొక సలహా. ప్రతి భాషలో మన "అండి", "గారు" లాంటిది ఏమిటో వెతికి పట్టుకో. నాతో పనిచేసిన ఫిలిప్పీన్స్ అమ్మాయిలు మాట మాటకీ "పో" అనేవాళ్లు. "సలామత్" అంటే థాంక్స్, "సలామత్ పో" అంటే థాంక్సండీ. నేను మొదటిసారి "పో" కలిపి అన్నప్పుడు మా సీనియర్ సిస్టర్ చేతిలో పని ఆపి నా వంక చూసి నవ్వింది. ఆ రోజునుంచి తన టిఫిన్ డబ్బాలో నాకూ వాటా ఉండేది. వాళ్లూ మనలాగే పలకరింపుగా "అన్నం తిన్నావా" అనే అడుగుతారు: "కుమాయిన్ క నా బా?" పెద్దవాళ్లయితే "కుమాయిన్ నా పో బా కయో?" ఓడల్లో ఫిలిప్పీన్స్ వాళ్లు చాలా ఎక్కువ, అందుకే ఇది ముందు నేర్చుకోమంటున్నాను. జపాన్‌వాళ్ల పేరు చివర "సాన్" తగిలించు. ఇండోనేషియాలో పెద్ద మగవాళ్లను "పాక్" అని, ఆడవాళ్లను "బూ" అని పిలుస్తారు, ఆ మాటలకు అర్థం నాన్న, అమ్మ అనే.

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం. జర్మనీ అంటుంది, జపాన్ అంటుంది. ఫోనులో రెండు భాషలూ కొంచెం కొంచెం నేర్చుకుంటోంది. ఇలా చేయడం మంచిదేనా?
- ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: అన్నయ్యగారూ, ఓ నెల రోజులు రెండూ రుచి చూడనివ్వండి. ఆ తర్వాత ఒకటే. టూరిస్టుకి నాలుగు ముక్కలు చాలు, నర్సుకి చాలవు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి భాష అడుగుతారు. ఏ1 నుంచి లెక్కపెడితే అది నాలుగో మెట్టు. కొంచెం కొంచెం నేర్చుకుంటే ఆ మెట్టు ఎక్కలేదు.

జపనీస్‌లో మన పిల్లలకు ఒక సుఖం ఉంది. వాక్యం మనలాగే నడుస్తుంది, క్రియ చివర వస్తుంది. "మిజు ఒ కుదసాయ్" అంటే నీళ్లు ఇవ్వండి, మాటకు మాట అదే వరస. ఇది, అది అన్నట్టు "కొరే", "సొరే" అంటారు. మన "ఇదా?" లో ఆ-కారం చేసే పని వాళ్ల "కా" చేస్తుంది, వాక్యం చివర కూర్చుంటుంది. కష్టమంతా లిపితోనే. జర్మన్‌లో లిపి కష్టం లేదు గానీ వినేటప్పుడు అంకెలు మోసం చేస్తాయి. ఇరవై అయిదుని "అయిదూ ఇరవై" అన్నట్టు చెబుతారు. అరబ్బీలోనూ అంతే, "ఖమ్సా వ ఇష్రీన్". 25ని 52గా రాసుకోవడం నా కళ్లముందు జరిగింది, అదృష్టం కొద్దీ అది డోసు కాదు, గది నంబరు. ఇంకొకటి, జర్మన్‌లో "హాల్ప్ ద్రై" అంటే సగం మూడు అని. మనకు మూడున్నర అనిపిస్తుంది, నిజానికి రెండున్నర. మా పక్కింటి అమ్మాయి అక్కడ నర్సుగా చేరిన వారంలోనే ఈ మాటకు గంట ఆలస్యంగా డ్యూటీకి వెళ్లి ఏడ్చుకుంటూ ఫోన్ చేసింది. మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

హైదరాబాద్ దోమలగూడలో రామకృష్ణ మఠంవారి భాషల సంస్థ ఉంది, జర్మన్‌కి గోథే జెంట్రుమ్ ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఈ రెండు దేశాల ఉద్యోగాలకూ దారి చూపిస్తుంది, ఏజెంటుకి డబ్బు కట్టే ముందు అక్కడ తప్పక అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లో తులూజ్‌లో ఉంటాడు. మనవణ్ణి చూసుకోవడానికి మూడు నెలలు వెళ్తున్నాను. నాకు 63 ఏళ్లు. "ఫోనే అనువాదం చేస్తుంది, నువ్వేం నేర్చుకోనక్కర్లేదమ్మా" అంటాడు. నిజమేనా?
- ఒక అమ్మమ్మ కాని నానమ్మ, ఏలూరు

జవాబు: వదినగారూ, మందు సీసా మీద రాతకీ, బోర్డులకీ ఫోను మంచిదే. పలకరింపుకి మాత్రం పనికిరాదు. మా ఆసుపత్రిలో ట్యునీషియా డాక్టరమ్మ ఒకావిడ ఉండేది, ఫ్రెంచి ఆవిడకు రెండో మాతృభాష. ఆవిడ నాకు చెప్పిన మొదటి పాఠం: కొట్లో అడుగు పెట్టగానే, బస్సు ఎక్కగానే, ఏదన్నా అడిగే ముందు "బోఁజూర్" అనాలి. సాయంత్రమైతే "బోఁస్వార్". అది అనకుండా నేరుగా పని చెబితే మర్యాద తెలియనివాళ్ల కింద లెక్క. అక్కడ చాలామంది మనవాళ్లు "ఫ్రెంచివాళ్లు మొహం చిట్లిస్తారు" అనుకోవడానికి నా ఉద్దేశంలో సగం కారణం ఇదే.

మనం చిన్నప్పుడు బళ్లో రాసిన అరసున్నా గుర్తుందా? అది ఇక్కడ అక్కరకొస్తుంది. బోఁజూర్‌లో న్ అనీ, మ్ అనీ పలక్కూడదు, ముక్కుతో లాగి వదిలేయాలి. "పార్దోఁ" (క్షమించండి), "పాఁ" (రొట్టె) అన్నీ అంతే. నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకునేటప్పుడు అరసున్నా పెట్టి రాసుకోండి. దయచేసి అనడానికి "సిల్ వూ ప్లే", థాంక్స్‌కి "మెర్సీ". అంబులెన్సుకి 15, లేకపోతే 112.

వెళ్లిన మొదటి వారంలోనే మీరొక్కరే బేకరీకి వెళ్లండి, అబ్బాయిని వెంట రానివ్వకండి. "బోఁజూర్ మదామ్, యూన్ బగెత్, సిల్ వూ ప్లే." ధర చెవికి అందకపోతే కంగారుపడకండి, వాళ్లు ఎనభైని "నాలుగు ఇరవైలు" అంటారు, కొత్తలో ఎవరికీ అందదు. బిల్లు మిషను మీద అంకె కనిపిస్తుంది, అది చూసి చిల్లర ఇవ్వండి. రొట్టె చంకలో పెట్టుకుని "మెర్సీ, మదామ్" అని బయటికి రండి. ఎలా జరిగిందో నాకు ఉత్తరం రాయండి.