మైక్రోస్కోప్ ఫొటోల్లోని మసకను డీకన్వల్యూషన్ ఎలా తీసేస్తుంది?

ఇది ఊరికే షార్ప్‌నెస్ పెంచడం కాదు. లెన్స్ గుండా చూస్తే ఒక్క చుక్క వెలుగు కూడా చుక్కలా కనిపించదు; పక్కలకూ, అంతకంటే ఎక్కువగా పైకీ కిందికీ పరుచుకుంటుంది. ఈ పరుచుకునే తీరే పాయింట్ స్ప్రెడ్ ఫంక్షన్. సుమారు 100 నానోమీటర్ల ఫ్లోరోసెంట్ పూసను ఫొటో తీసి దాన్ని కొలవచ్చు, అలా మీ మైక్రోస్కోప్ మీదే కొలవడం మంచిది. అది తెలిస్తే, ఫోకస్‌లో లేని పొరల నుంచి వచ్చి కలిసిన వెలుగును సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి దాని అసలు చోటికి చేరుస్తుంది. కాంట్రాస్ట్ అంతగా పెరిగేది ఇందువల్లే. రిజల్యూషన్ లాభం దానికంటే తక్కువ.

రిచర్డ్‌సన్ 1972లో, లూసీ 1974లో విడివిడిగా ప్రచురించిన పద్ధతిని ఇప్పటికీ విరివిగా వాడతారు. అది ఒకే లెక్కను మళ్లీ మళ్లీ చేస్తూ ఫొటోను మెరుగుపరుస్తుంది. దాన్ని మరీ ఎక్కువసార్లు తిప్పకండి: నాయిస్ కూడా కణంలోని నిర్మాణంలా కనిపించడం మొదలవుతుంది. ఫొటో తీసేటప్పుడే పిక్సెళ్లు సాచురేట్ కాకుండా (అంటే వెలుగు వాటి గరిష్ఠ హద్దును తాకకుండా) చూసుకోండి.