దేశానికో రేటు చెప్పొచ్చా?

ప్రశ్న: నేను నాలుగేళ్లుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తున్నాను. క్లయింట్లంతా బయటి దేశాలవాళ్లే. అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ దగ్గర పేజీకి 100 డాలర్లు, జర్మనీలో ఒకరి దగ్గర 90 యూరోలు తీసుకుంటాను. కెన్యాలో ఒక చిన్న సంస్థకు మాత్రం 35 డాలర్లకే గీస్తున్నాను. అంతకు మించి ఇవ్వలేరేమో అని నేనే తగ్గించి చెప్పాను. పోయిన నెల అమెరికావాళ్లకు ఈ సంగతి ఎలాగో తెలిసింది. "అదే చెయ్యి, అదే పేజీ, మాకెందుకు మూడు రెట్లు?" అని మెయిల్ పెట్టారు. ఇంకా జవాబివ్వలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దేశాన్ని బట్టి రేటు చెప్పడం తప్పా మేడమ్? హక్కుల గురించి ఎవరితోనూ ఏమీ రాసుకోలేదు. (పేరు వేయవద్దన్న పాఠకురాలు)

జవాబు: తప్పు కాదండీ. కానీ మీరు తగ్గించడానికి చెప్పిన కారణం నిలబడదు. "ఇవ్వలేరేమో" అని రాశారు చూడండి, సరిగ్గా ఆ "ఏమో" దగ్గరే నేనూ ఒకసారి బోల్తా పడ్డాను.

నేను వైద్య పుస్తకాలకు బొమ్మలు గీస్తాను. పదిహేడేళ్లవుతోంది. మొదట్లో నేనూ చిరునామా చూసే రేటు చెప్పేదాన్ని. అందరూ పేద దేశమనుకునే ఒక చోటి నుంచి, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ పుస్తకానికి 40 బొమ్మలు కావాలన్నారు. దేశం పేరు చూడగానే మనసు కరిగింది. మిగతావాళ్ల దగ్గర బొమ్మకు 90 డాలర్లు తీసుకునే రోజుల్లో వాళ్లకు 40 అన్నాను. పనంతా అయ్యాక బ్యాంకు వివరాలు నింపమని ఒక ఎక్సెల్ షీటు పంపారు. అడుగున ఇంకో ట్యాబ్ కనిపించింది. తీసేయడం మరిచిపోయినట్టున్నారు. నొక్కకుండా ఉండలేకపోయాను. ఎనిమిదో వరుసలో "బొమ్మలు, 40, ఒక్కోటి 110" అని ఉంది. పక్క గడిలో నేను చెప్పిన 40. దాని పక్కన ఆకుపచ్చ రంగు వేసి "మిగులు 2,800". డబ్బు పెడుతున్నది ఆ దేశం కాదు, ఇంకెక్కడో ఉన్న పెద్ద దాత సంస్థ. నా జాలంతా వెళ్లి ఆ పచ్చ గడిలో కూర్చుంది. వాళ్లను అనడానికేమీ లేదు, అడిగింది నేనే కదా.

దీనికి తిరగేసిన కథ ఇంకోటుంది. జ్యూరిక్ చిరునామా చూసి, స్విట్జర్లాండ్ కదా అని రెట్టింపు చెప్పాను. తీరా చూస్తే ఇద్దరు డాక్టర్లు, ఆదివారాలు కూర్చుని రాసుకుంటూ సొంత డబ్బుతో పుస్తకం వేసుకుంటున్నారు. మర్యాదగా థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. గుండె కవాటాల మీద పుస్తకం అది. ఆ పని పోయినందుకు ఇప్పటికీ బాధే.

కాబట్టి చిరునామా చూసి జేబు కొలవలేం. అడగడమే మార్గం. "ఈ పనికి ఎంత అనుకున్నారు?" అని నేనిప్పుడు మొదటి మెయిల్‌లోనే అడిగేస్తాను. సగం మంది చెప్పేస్తారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు దేశానికో ధర పెడుతున్నాయి కదా అని మీకు అనిపించి ఉండొచ్చు. పెడుతున్నాయి. కొనుగోలు శక్తిలో తేడా, అంటే అంతే డబ్బుకు ఒక్కో దేశంలో దొరికేదాంట్లో తేడా, నిజమే. ది ఎకనామిస్ట్ పత్రిక 1986 నుంచీ బిగ్ మ్యాక్ అనే బర్గర్ ధరను దేశాల మధ్య పోల్చి చూపిస్తున్నది ఆ తేడానే. ప్రపంచ బ్యాంకు కూడా దేశాలవారీగా ఈ లెక్కలు కడుతుంది. అయితే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంకో కాపీ ఇవ్వడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. సగం ధరకు అమ్మినా వచ్చిందంతా మిగులే. మీరు ఒక పేజీ మీద రెండు రోజులు కూర్చున్నారంటే ఆ రెండు రోజులూ ఖర్చైపోయినట్టే, ఇంకొకరికి అమ్మలేరు. ఎప్పుడో గీసిన బొమ్మనే మళ్లీ అమ్ముతున్నారనుకోండి, అప్పుడు హాయిగా దేశానికో ధర పెట్టుకోవచ్చు. నా పాత బొమ్మలకు నేను అలాగే పెడతాను.

కొత్త పనికి మాత్రం ముందు మీ కనీస రేటు తెలియాలి. ఏడాదికి మీకు కావలసిన మొత్తంలో పన్ను, పరికరాలు, జబ్బుపడే రోజులు, పని రాని వారాలు అన్నీ కలిపి, నిజంగా బిల్లు వేయగలిగే రోజులతో భాగించండి. ఈ "నిజంగా" దగ్గరే అందరూ మోసపోతారు. నా నెలలో పని దినాలు 22 ఉంటే బిల్లుకెక్కేవి 13. మిగతావి మెయిళ్లకూ, స్కెచ్‌ల బేరాలకూ, డబ్బులు గుర్తుచేయడానికీ పోతాయి. వచ్చిన అంకె ఏ దేశానికైనా ఒకటే, ఎందుకంటే అది మీ బతుకు ఖర్చు, వాళ్లది కాదు.

మరి ప్రాంతం లెక్కలోకి రాదా? వస్తుంది, హక్కుల దగ్గర. మీరు రాసుకోలేదన్నది సరిగ్గా అదే. ఆ బొమ్మను ఏయే దేశాల్లో, ఏయే భాషల్లో, ఎన్ని కాపీల వరకు, ఎన్నేళ్లు వాడుకోవచ్చో ఒప్పందంలో ఉండాలి. నా కొటేషన్‌లో రెండు వరుసలుంటాయి: గీసినందుకు ఇంత, వాడుకుంటున్నందుకు ఇంత. మొదటి వరుస అందరికీ ఒకటే, 60 అనుకుందాం. ఒక్క దేశంలో, ఒక్క భాషలో, 2,000 కాపీలకు, మూడేళ్లకు అయితే రెండో వరుసలో 10 వేస్తాను. ప్రపంచమంతా, అన్ని భాషల్లో, ఈ-బుక్‌తో సహా కావాలంటే అక్కడ 60, ఒక్కోసారి 90. ఒకరికి 70, ఇంకొకరికి 120 పడుతుంది. ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని బిల్లులు చూసుకున్నా నాకు దాచాల్సిందేమీ ఉండదు.

దేశాన్ని బట్టి చట్టం కూడా మారుతుంది. అమెరికా కాగితాల్లో "వర్క్ మేడ్ ఫర్ హైర్" అన్న మాట కనబడితే ఆగి చదవండి. దానిమీద ఇద్దరూ సంతకాలు పెడితే, పుస్తకంలో వేసే బొమ్మల్లాంటి వాటికి, చట్టం దృష్టిలో కర్త ప్రచురణకర్తే అవుతాడు. మీకు మిగిలేది ఫీజు ఒక్కటే. అలాంటప్పుడు ధర పెద్దదే ఉండాలి. జర్మనీలో వేరు. అక్కడి చట్టం ప్రకారం కాపీరైట్‌ను బతికుండగా ఇంకొకరికి రాసిచ్చేయడం కుదరదు, వాడుకునే హక్కులే ఇవ్వగలం. వాటికి తగిన పారితోషికం పొందే హక్కును 2002 సవరణలో చేర్చారు. అందుకే మీ జర్మనీ క్లయింట్‌తో హక్కుల మాట ఎత్తితే ఆశ్చర్యపోరు, మీరింతకాలం ఎత్తనందుకే ఆశ్చర్యపోయి ఉంటారు.

ఇక ఆ మెయిల్. కథలు అల్లొద్దు. "వాళ్లకు హక్కులు తక్కువ" అని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది, మీ దగ్గర కాగితం లేదు కదా. నేనైతే ఇంతే రాస్తాను: "నిజమే, వాళ్లకు తగ్గించి చేశాను. ఆ తగ్గింపు నా సొంత నిర్ణయం. మీ రేటు నా మామూలు రేటే. వచ్చే పుస్తకం నుంచి గీసినందుకూ, వాడుకుంటున్నందుకూ విడివిడిగా కొటేషన్ ఇస్తాను. మీకు అమెరికా, కెనడా హక్కులు చాలనుకుంటే ధర ఆ మేరకు తగ్గుతుంది." ఆఖరి వాక్యం తీసేయకండి. బేరం అంకె మీది నుంచి హక్కుల మీదికి జరిగేది దానితోనే. క్షమాపణలు వద్దు. జవాబు ఆలస్యమైనందుకు మాత్రం ఒక సారీ చెప్పండి, చాలు.

కెన్యావాళ్లను వదులుకోమనడం లేదు.  తగ్గించాలనుకుంటే తగ్గించండి, కానీ ఇన్‌వాయిస్‌లో ముందు పూర్తి ధర వేసి, కింద "తగ్గింపు" అని ఇంకో వరుస పెట్టండి. ఏడాదికి ఇన్ని పేజీల వరకే అని గీత గీసుకోండి. రేపు వాళ్లకు పెద్ద గ్రాంట్ వస్తే మీరు రేటు పెంచనక్కర్లేదు, ఆ వరుస తీసేస్తే సరిపోతుంది. అసలు ధర ఎప్పుడూ చూపకుండా 35 అనే చెబుతూ వచ్చారు గనక, వాళ్ల దృష్టిలో ఇవాళ మీ ధర 35.

ప్రశ్న: నేను వీడియో ఎడిటర్‌ని. చెప్పిన రేటుకూ చేతికొచ్చే డబ్బుకూ పొంతనే ఉండటం లేదు. నాకు పని ఇప్పించే ప్లాట్‌ఫామ్ 20 శాతం పట్టుకుంటుంది. నేరుగా వచ్చే క్లయింట్ల డబ్బులో బ్యాంకులు కోస్తున్నాయి. రేటుకు 20 శాతం కలిపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ పొరపాటు నేను రెండేళ్లు చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీకు 1,000 కావాలని 1,200 చెప్పారనుకోండి. వాళ్లు కోసేది 1,200 మీద 20 శాతం, అంటే 240. మీకొచ్చేది 960. కలపడం కాదు, భాగించాలి: 1,000ని 0.80తో భాగిస్తే 1,250. క్లయింట్ దేశంలో 15 శాతం పన్ను మినహాయించి పంపిస్తారనుకోండి, 0.85తో భాగించాలి, 1,176 చిల్లర వస్తుంది. ఆ పన్నుకు మీ దేశంలో మినహాయింపు దొరుకుతుందేమో ఆడిటర్‌ని అడగండి. దొరికితే అంతా రేటులో కలపనక్కర్లేదు.

బ్యాంకు కోత సంగతి. విదేశాల నుంచి డబ్బు పంపేటప్పుడు ఛార్జీలు ఎవరు భరించాలో చెప్పే ఒక గడి ఉంటుంది. అందులో "అవర్" అని పెడితే పంపేవాళ్లు, "బెన్" అని పెడితే అందుకునేవాళ్లు, "షా" అంటే ఇద్దరూ పంచుకుంటారు. క్లయింట్ ఏదీ ఆలోచించకుండా పంపితే మధ్యలో ఉన్న బ్యాంకులు తలా కాస్త కొరుక్కుంటాయి. నా ఇన్‌వాయిస్ అడుగున "దయచేసి అవర్ పద్ధతిలో పంపండి" అని ఉంటుంది. చిన్న బిల్లులు నాలుగు కలిపి ఒక్కసారి తెప్పించుకోవడం ఇంకా మేలు.

అమెరికా క్లయింట్ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడిగితే కంగారుపడకండి. మీరు అమెరికా పౌరులు కారనీ, అక్కడ నివాసం లేదనీ చెప్పే కాగితం అది. ఎడిటింగ్ లాంటి పని పూర్తిగా అమెరికా బయట కూర్చుని చేస్తే, ఆ ఫీజు మీద మామూలుగా అక్కడ పన్ను పట్టరు. అదే, మీ వీడియోను అక్కడ వాడుకున్నందుకు రాయల్టీ అని ఇస్తే మామూలుగా 30 శాతం పట్టుకుంటారు. మీ దేశానికి అమెరికాతో పన్ను ఒప్పందం ఉంటే అది తగ్గవచ్చు. ఇన్‌వాయిస్‌లో ఏ మాట రాస్తున్నారో చూసుకోండి. పై ప్రశ్న అడిగినావిడకు కూడా ఇది పనికొస్తుంది.

ఏ కరెన్సీలో చెప్పాలన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. 2016 జూన్‌లో నాకు లండన్ నుంచి పౌండ్లలో ఒక పెద్ద బిల్లు రావాలి. 24వ తేదీ పొద్దున్నే లేచి చూస్తే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్లాలని ఓటేసింది. ఆ ఒక్క రోజులోనే డాలర్‌తో పౌండు 8 శాతం దాకా పడింది. బొమ్మలన్నీ గీసేసి ఉన్నాను, చేయగలిగింది లేదు. అప్పటి నుంచి ఒకే కరెన్సీలో చెబుతాను, కొటేషన్ 30 రోజులే చెల్లుతుందని రాస్తాను, పెద్ద పనైతే మూడో వంతు ముందే తీసుకుంటాను. అడ్వాన్స్ అడగకూడని క్లయింట్ దేశం అంటూ ఏదీ లేదు, మొహమాటం మనదే.

రాత్రి మీటింగులకు కూడా వెల కట్టండి. నాది రాత్రి పది దాటితే 15 శాతం ఎక్కువ, అడిగేది ఎవరైనా సరే. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు నా క్యాలెండర్‌ను నేనే నమ్మను.

ప్రశ్న: "మీ దేశంలో ఈ డబ్బు చాలా ఎక్కువ కదా, ఇంకా ఎందుకు అడుగుతున్నారు?" అంటున్నాడు ఒక క్లయింట్. ఏమనాలి?

జవాబు: ఏమీ అనకండి. మీ ఇంటి ఖర్చుల జాబితా చదివి వినిపిస్తే ఓడిపోయినట్టే, ఒక్కో వరుస మీదా బేరం మొదలవుతుంది. "ఈ ధరకు ఇంత పని, రెండు విడతల సవరణలు. తక్కువ బడ్జెట్ అయితే సవరణలు ఒక విడతకు తగ్గిద్దాం" అని పని గురించి మాత్రమే రాయండి. నన్నూ అలాగే అడిగిన ఒకాయనకు నేనిలా రాస్తే రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత వచ్చి రెండు విడతల ధరే ఇచ్చాడు. ఇప్పటికీ ఒక విడతే వాడుకుంటాడు.